వంకాయ రంగు జెండా

శుక్రవారం పొద్దున్నే సుమయ్యా వంటగది నేల మీద బ్యాండు నడిపిస్తోంది. శనగపప్పు గింజలు డ్రమ్ములు, మెంతులు ఫ్లూట్లు, ఎండుమిరపకాయలు జెండాలు. మిరపకాయలు రెండు వరుసలుగా విడిపోయి శనగపప్పుకు దారివ్వాలి. తర్వాత అన్నీ గుండ్రంగా తిరిగి గోదావరిలో సుడిలా ముడుచుకుని, ఒక్కసారిగా విచ్చుకోవాలి.

"బేటీ, నీ ఫౌజు లేస్తే నేను పోపు పెట్టుకుంట," అంది వాళ్ళమ్మ షహజాదీ బేగం, గరిటె పట్టుకుని.

"ఒక్క చుట్టు అమ్మీ, అయిపోయింది."

"గా తొడిమె ఇరిగిన మిరపకాయ ఎవరు?"

"మైత్రి. మా ప్రిన్సిపాల్ సారు బిడ్డ. జెండా తిప్పుడు ఇంకా సరిగ్గ రాదు గని లైను మాత్రం తప్పదు."

గోదావరిఖనిలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో సుమయ్యా బ్యాండు టీచరు. ఆదివారం స్టేడియంలో జిల్లాలోని బడులన్నిటికీ బ్యాండు పోటీ. ఆమె సొంతంగా అల్లిన మొదటి ప్రదర్శన ఇదే, ఆఖరుది కూడా ఇదే కావచ్చు. ఎందుకంటే ప్రిన్సిపాల్ యజ్ఞనారాయణ గారికి బ్యాండు పేరెత్తితే చాలు, తలనొప్పి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ బడి పెట్టుకున్న మనిషి. డ్రమ్ము మోగే పీరియడులో ఎంచక్కా ఐఐటీ ఫౌండేషన్ క్లాసు పెట్టుకోవచ్చని ఆయన లెక్క.

"చూడమ్మా, బడికి గ్రౌండు లేదంటున్నారు, రోడ్డు మీద రిహార్సల్ అంటున్నారు, సరే కానివ్వండి," అన్నాడాయన నిన్న సాయంత్రం. "కానీ ఫస్ట్ బెల్లు కొట్టేసరికి పిల్లలు క్లాసులో ఉండాలి. ఒక్క నిమిషం లేటయినా సోమవారం నుంచి మీ సామానంతా స్టోర్‌రూములోకి, ఆ పీరియడు ఫౌండేషన్‌కి. మళ్ళీ నన్ను అనకండి."

సామాను స్టోర్‌రూములోకి వెళ్తే మరి తిరిగి రాదు. సైన్సు ల్యాబు సామాను అలాగే వెళ్ళింది.

ఇక జెండాల రంగు తేల్చడానికి సుమయ్యా పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. బొగ్గు ఊళ్ళో రంగు అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఇంకో రెండు వారాల్లో గనుల్లో గుర్తింపు సంఘం ఎన్నికలు, కార్మికుల తరఫున ఏ యూనియను మాట్లాడాలో తేలేది అప్పుడే. ఎరుపు పెడితే ఒక యూనియను, కాషాయం పెడితే ఇంకొకటి. నీలం, ఆకుపచ్చ, గులాబీ, పసుపు అన్నీ ఎవరో ఒకరు ముందే పట్టేసుకున్నారు. తెలుపు పెడదామంటే ఈ దుమ్ముకు సాయంత్రానికల్లా నలుపవుతుంది, నలుపంటే నిరసన దినం. బట్టల కొట్టు మూలన ఎవరూ కొనక పడి ఉన్న వంకాయ రంగు లైనింగు గుడ్డ కనిపించినప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ రంగు ఏ యూనియనుదీ కాదు. ఇద్దరు ముగ్గురిని అడిగి మరీ ఖాయం చేసుకుంది పాపం.

ఆ పొద్దున బెల్లుకు చాలా ముందే పిల్లలు బడి ముందు వరుసల్లో నిలబడ్డారు. ముందు జెండాలు, వెనక ఫ్లూట్లు, ఆ వెనక డ్రమ్ములు. అందరికంటే ముందు మైత్రి.

"చౌరస్తా దాక పోతం, అబౌట్ టర్న్ కొడుతం, బడికొస్తం," అంది సుమయ్యా. "లైన్ల ఉన్నంతసేపు నోరు తెరవొద్దు. ఎవలు పిలిచినా, ఏమడిగినా సరే, చూపు ముందటికే. సమజైందా?"

"ఎస్ మేడం!"

ఈల ఊదింది. బ్యాండు కదిలింది.

సరిగ్గా అప్పుడే రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు చౌరస్తాకు ఇవతల చాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళలో సదయ్య ఒకడు. ఊళ్ళో ఏ ఊరేగింపు వెళ్ళినా పది అడుగులు కలిసి నడవనిదే అతనికి చాయ్ రుచించదు. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"గిదేం జెండా? నేనెన్నడు సూడలే!"

"కొత్త యూనియన్ పెట్టిండ్రు కావచ్చు," అన్నాడు పక్కవాడు.

"ఎలచ్చన్ల ముంగట కొత్త యూనియనా! మైకు లేదు, తిట్టుడు లేదు. గా అడుగు సూడు, ఎంత సక్కగ పడుతున్నదో! పిల్లల్ని ముందట వెట్టిండ్రంటే ఎవలో పెద్ద తలకాయనే ఉన్నది ఎనుక."

ఉండబట్టలేక సదయ్య మైత్రి పక్కన నడుస్తూ అడిగాడు.

"ఏ యూనియన్ బిడ్డా?"

మైత్రి గడ్డం ఇంకాస్త పైకెత్తింది.

"మీ లీడర్ ఎవలు?"

మైత్రి జెండా భుజం మార్చింది.

సదయ్య వెనక్కి వెళ్ళి అందరికీ చెప్పాడు. "ఒక్కలు పేరు చెప్తలేరు! ఎంత కట్టడి! గిది మామూలు యూనియన్ గాదురా!" చాయ్ తాగినవాళ్ళూ తాగనివాళ్ళూ డ్రమ్ముల వెనక చేరారు. వాళ్ళను చూసి బస్సు దిగినవాళ్ళు చేరారు. వాళ్ళను చూసి, ఎందుకో తెలియకపోయినా, కూరగాయలకు వచ్చినవాళ్ళు కూడా చేరారు.

జెండాలకు నాలుగడుగుల ముందు, వెనక్కి తిరగకుండా నడుస్తున్న సుమయ్యాకు ఇదేమీ తెలియదు. ఆమె చెవికి అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇన్నాళ్ళూ నలుగురు ఒక అడుగు, ముగ్గురు ఇంకో అడుగు వేసే తన పిల్లలు ఈరోజు ఎంత నిండుగా నడుస్తున్నారు! రోడ్డు అదురుతోంది! ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చౌరస్తా చేరగానే ఉప్పొంగే గుండెతో గట్టిగా అరిచింది.

"అబౌట్... టర్న్!"

తిరిగింది. తిరిగి కొయ్యబారిపోయింది.

డ్రమ్ముల వెనక రోడ్డు లేదు! కనుచూపు మేర అంతా తలలే! అంతకంటే ఘోరం, ఆ తలలన్నీ కూడా అబౌట్ టర్న్ కొట్టాయి. ఎవరు పిలిచారు వీళ్ళను? ఎప్పుడొచ్చారు? 

"మైత్రీ! ఎనుక ఇంతమంది వస్తుంటే చెప్పాల్నా వద్దా?"

"మీరే నోరు తెరవొద్దన్నారు కదా మేడం," అంది మైత్రి, చూపు తిప్పకుండానే.

సుమయ్యా ఆగమని ఈల ఊదింది. పిల్లలు ఆగారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉరికొచ్చాడు. "చౌరస్తల నిలవడొద్దమ్మా! ఎనుక బస్సులాగినయ్! నడువుండ్రి, జల్ది నడువుండ్రి!" పిల్లలు మళ్ళీ కదిలారు. ఇప్పుడు కార్మికులు ముందు, బ్యాండు వెనక. బడికి తిన్నగా వెళ్ళాల్సిన చోట ముందున్న జనం పక్కదారిలోకి తిరిగింది. తిరగమని ఎవరూ చెప్పలేదు. ఈ ఊళ్ళో ఏ ఊరేగింపైనా గనుల జనరల్ మేనేజరు ఆఫీసుకే వెళ్తుంది, కాళ్ళకు ఆ దారి అలవాటు. ముందున్న వరుస ఎటు వెళ్తే అటు వెళ్ళమని పిల్లలకు నేర్పింది సుమయ్యాయే కదా, వాళ్ళూ తిరిగారు.

అప్పటికి పెద్ద యూనియను నాయకుడు రాజం బండి మీద ఆదరాబాదరాగా వచ్చి ఆమె పక్కన బ్రేకు వేశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెల్లె, నిజం చెప్పు. మీ ఎనుక ఎవలున్నరు?"

"మా ఎనుకనా? ఎనుక, ముందట అంత మీరే ఉన్నరు గదనే అన్నా! కొంచెం ఆపు వీళ్ళని, నీ కాళ్లు మొక్కుత! గిది బడి బ్యాండు!"

"మొదట్ల అందరు గట్లనే అంటరు," అన్నాడు రాజం అనుమానంగా, ఫోను తీస్తూ. "మందమర్రి గనులల్ల గూడ మీ జెండాలు లేసినయా?"

దూరంగా బడి ఫస్ట్ బెల్లు మోగింది. సుమయ్యా అటు తిరిగి చూసింది. అయిపోయింది, డ్రమ్ములు స్టోర్‌రూములోకి వెళ్ళిపోయినట్టే. ఈ పిల్లలకు తను ఏమని చెప్పాలి?

ఆఫీసు గేటు ముందు జనం ఆగారు. గార్డులు గేటు మూసేశారు. ఆ క్షణంలోనే యజ్ఞనారాయణ గారు స్కూటరు మీద వచ్చి, దాన్ని స్టాండయినా వేయకుండా పక్కవాడికి అప్పగించి, జనంలోంచి దూసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బడి గుర్తింపు కార్డు, నోటి నిండా కేకలు.

"ఏవిటిది? అసలేవిటీ దారుణం అంటున్నాను! ఎవరు తెచ్చారు వీళ్ళనిక్కడికి? నేను ఊరుకుంటాననుకుంటున్నారా?"

గేటు లోపల నిలబడ్డ అధికారి రాంప్రసాద్‌కు ముచ్చెమటలు పోశాయి. ఎన్నికల ముందు గేటు దగ్గర గొడవంటే మాటలా? "మీ లీడర్ ఎవరు?" అని అడిగాడు.

సదయ్య చుట్టూ చూశాడు. ఇస్త్రీ చొక్కా ఒక్కటే ఉంది, అందరికంటే గట్టిగా అరుస్తున్న గొంతూ దానిదే.

"గీ సారే!"

"రండి సార్, లోపల కూర్చుని మాట్లాడుకుందాం," అని రాంప్రసాద్ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. "నేను కాదండీ బాబూ!" అంటున్న ఆయన మాట గేటు చప్పుడులో కలిసిపోయింది.

లోపల ఏసీ గదిలో జీడిపప్పు, బిస్కెట్లు, చాయ్ వచ్చాయి. రాంప్రసాద్ వినయంగా అడిగాడు. "చెప్పండి సార్, మీ డిమాండ్లేమిటి?"

"డిమాండ్లా! నాకేం వద్దండీ మహాప్రభో! మీరేమిచ్చినా నాకొద్దు! మా పిల్లలు చదువుకోవాలి, అంతే! నన్ను వదిలేయండి!"

రాంప్రసాద్ జీడిపప్పు ప్లేటు ఇంకాస్త ముందుకు జరిపాడు. ఆ కుర్చీలో కూర్చుని తనకేమీ వద్దన్న మనిషిని అతను తన సర్వీసులో చూడలేదు. చాయ్ అందిస్తున్న పోశవ్వ అయితే ట్రే అక్కడే పెట్టేసి బయటికి ఉరికింది.

"ఓ సదన్నా! లోపల సారు తనకు ఏమొద్దంటున్నడే! పిల్లల సదువొక్కటే కావాల్నట! జీడిపప్పు గూడ ముట్టలే!"

  గేటు ముందు జనం ఒక్కసారిగా హోరెత్తింది. రాజం తన కోసం బండి డిక్కీలో ఎప్పుడూ ఉంచుకునే బంతిపూల దండను సదయ్య అడగకుండానే తీసేసుకున్నాడు.

యజ్ఞనారాయణ గారు బయటికి రాగానే దండ మెడలో పడింది, మనిషి భుజాల మీదికి లేచాడు. "దించండయ్యా! నేను ప్రిన్సిపాల్‌ని! ఇది మా స్కూలు బ్యాండు!" అని అరిచాడు.

"అంటే యూనియన్ గాదా?" అని ఎవరో అడిగారు.

"ఇప్పటిదాక గాకుంటే ఇప్పటి నుంచి అయితది!" అన్నాడు సదయ్య. "బయటి పెద్దమనుషులు గౌరవాధ్యక్షులు అయితలేరా ఏంది? అన్ని యూనియన్లకు ఉన్నరు. సారు మాకు గౌరవాధ్యక్షుడు!"

"గౌరవాధ్యక్షుడు యజ్ఞనారాయణ సారు... జిందాబాద్!"

ఆయన ఇంకోసారి కాదనబోయి ఆగాడు. ఇరవై ఏళ్ళుగా బడి నడుపుతున్నాడు, ఫీజుల గురించి తిట్టినవాళ్ళే తప్ప జిందాబాద్ అన్నవాళ్ళు లేరు. పై నుంచి చూస్తే జనం బాగా కనిపిస్తున్నారు కూడా. దండ సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"సోదరులారా! మా బడిలో బ్యాండు పీరియడు తీసేస్తారని కొందరు దుష్ప్రచారం చేస్తున్నారు. ఎవడు తీసేది? నేనుండగా ఎలా తీస్తారో చూస్తాను! రేపటి నుంచి రోజూ బ్యాండే!"

సుమయ్యా తన చెవులను తనే నమ్మలేకపోయింది. పిల్లలు లైను తప్పకుండానే ఒకరి చేతులొకరు గట్టిగా పట్టుకున్నారు. బ్యాండు బతికింది! ఆమె చున్నీతో కళ్ళు తుడుచుకుంటుండగా ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"షిఫ్టు మారినప్పుడల్లా మన బ్యాండు రోడ్డు మీద ఉంటుంది. ఆదివారం మందమర్రిలో మన మొదటి బహిరంగ సభ!"

"సార్! ఆదివారం పోటీ ఉంది సార్!"

"పోటీ ఎవరిక్కావాలమ్మా? స్టేడియంలో నలుగురు జడ్జీలు చూస్తారు. ఇక్కడ జనాన్ని చూడండి! పైగా మీ బ్యాండు మరీ కచ్చితంగా నడుస్తోంది, జనానికి అందట్లేదు. ఆ గిరగిరా తిప్పడాలవీ తీసేసి తిన్నగా నడిపించండి."

 వంటగది నేల మీద నెల రోజులు గింజలు జరిపింది దీనికేనా? స్టోర్‌రూము తప్పిందనుకుంటే ఈయన మెడకు చుట్టుకున్నాడేమిటి దేవుడా! సుమయ్యా పిల్లల వైపు చూసింది. మైత్రి జెండా మొదటిసారిగా కిందికి వాలింది. అది చూడగానే సుమయ్యా ఒళ్ళు మండిపోయింది. ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా బిగించి ఊదింది.

"స్క్వాడ్... అటెన్షన్! సిట్... డౌన్!"

బ్యాండు మొత్తం ఒక్క చప్పుడుతో గేటు ముందు కూర్చుంది. అందరికంటే ముందు ప్రిన్సిపాల్ గారి కూతురు.

"ఏమైంది చెల్లె?" అన్నాడు సదయ్య బిత్తరపోయి.

"సమ్మె అన్నా. ఆదివారం పోటీకి పంపేదాక లేవం. బడికి పోం, మందమర్రికి పోం."

ఆ మాట వినగానే జనం చేసే పని ఈ ఊళ్ళో ఒక్కటే. సదయ్య ఆలోచించను కూడా ఆలోచించకుండా పిల్లల పక్కన కూలబడ్డాడు. అతని వెనక చాయ్ హోటల్ అంతా కూర్చుంది. "పిల్లల సమ్మెకు మా యూనియన్ సంపూర్ణ మద్దతు!" అంటూ రాజం అందరికంటే హుషారుగా బండి దిగాడు, అతని ముఖంలోకి పొద్దుటి నుంచీ లేని రంగొచ్చింది. యజ్ఞనారాయణ గారిని మోస్తున్నవాళ్ళు కూడా కూర్చోవాలి కాబట్టి ఆయన్ను కింద పెట్టేశారు.

"మైత్రీ, లేమ్మా! నువ్వు కూడానా?"

మైత్రి చూపు ముందుకే పెట్టింది.

"సారూ," అన్నాడు సదయ్య నెమ్మదిగా, "మన యూనియన్ పిల్లల పక్షాన ఉన్నట్టా, లేనట్టా? ఒక్క మాట చెప్పుండ్రి."

యజ్ఞనారాయణ గారు జనాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు, మెడలో దండను చూసుకున్నాడు. "పంపిస్తాను," అన్నాడు చివరికి. "ఆ తిప్పడాలూ అవీ మీ ఇష్టం. లేవండమ్మా, నాకు స్కూలుంది."

ఆ విధంగా కొత్త యూనియను తన మొదటి సమ్మెను తన గౌరవాధ్యక్షుడి మీదే చేసి, ఆయన మెడలో దండ వాడిపోకముందే గెలిచింది.