మంజూరు లేని తూటా

ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం పేలిన తూటా ఇంకా తనను చేరుకోలేదు కాబట్టి, వెంగమ్మ ప్రతి సోమవారం పదిన్నరకల్లా జిల్లా పోలీసు ఆయుధాగారానికి వచ్చి, అది ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుని, రిజిస్టర్లో వేలిముద్ర వేసి పోయేది. అక్కడ ఆర్మరర్‌గా ఉన్న హెడ్ కానిస్టేబుల్ మస్తానయ్య పంతొమ్మిదేళ్ళుగా ఆమెకు ఆ కబురు చెబుతున్నాడు. ఆయుధాలు తుడవడం, నూనె పెట్టడం, లెక్క చూడడం అతని పని. ఇదీ అందులో భాగమే.

సంగతి పెద్ద చిక్కుదేమీ కాదు. పొగాకు గ్రేడింగ్ కూలీలు మరుగుదొడ్డి, మంచినీళ్ళు కావాలని కంపెనీ గేటు ముందు బైఠాయించిన రోజున, అప్పటి ఎస్సైకి అయిదు రౌండ్లు పేల్చుకోవడానికి మేజిస్ట్రేటుగారు మంజూరు ఇచ్చారు. రివాల్వర్లో ఆరు ఉంటాయి. ఎస్సై కాస్త ఆవేశపరుడు, ఆరూ పేల్చాడు. మంజూరైన అయిదూ నిబంధనల ప్రకారం గాలిలోకి వెళ్ళి, నిబంధనల ప్రకారం కింద పడ్డాయి. ఆరోది ముందు వరసలో కూర్చున్న వెంగమ్మ వైపు బయల్దేరింది. మంజూరు లేని తూటా ఏదైనా ఫైలు నడిచినట్టే నడుస్తుంది. పనిదినాల్లో, పనివేళల్లో, గంటకు ఇరవై అడుగులు. రెండో శనివారం అసలు కదలదు. గోడలు దానికి అడ్డు కావు, కంటికి ఆనేంత పెద్దదీ కాదు. మరుగుదొడ్డి మాత్రం ఇంకా మంజూరు కాలేదు.

తూటా వెళ్ళిపోయాక వెనక మిగిలే ఇత్తడి గొట్టాన్ని పోలీసులు ఖాళీ అంటారు. వెంగమ్మ తాలూకు ఖాళీ ఆ రివాల్వర్ ఆరో గదిలోనే ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉంది. దానిమీద వట్టి వేలు ఆనిస్తే చాలు, తూటా ఎవరిదో, ఏ వీధిలో ఉందో ఆర్మరర్‌కు తెలిసిపోతుంది. ట్రైనింగులో నలభై అయిదు రోజులు నేర్పేది అదే. ఆ ఖాళీ ఎప్పుడు ముట్టుకున్నా గోరువెచ్చగా ఉండేది. మస్తానయ్యకు అది అలవాటు కాలేదు.

“యాడిదాకా వచ్చిందబ్బయా?” అని వెంగమ్మ అడిగేది.

“కూరగాయల మార్కెట్టు దాటింది పెద్దమ్మా. ఆ ఇంట్లో ఇంకో పదిరోజులు ఉండొచ్చు.”

పదిరోజులకు ఆమె గిన్నెలు సర్దుకుని ఊరికి ఆ చివర ఇంకో ఇల్లు చూసుకునేది. తూటా కూడా వెనక్కి తిరిగి, తాపీగా అటు బయల్దేరేది. అలా ఇప్పటికి డెబ్బై రెండు ఇళ్ళు మారింది. ఈ మధ్యలో పిల్ల పెళ్ళి చేసింది, మొగుణ్ణి సాగనంపింది, మోకాళ్ళు అరగదీసుకుంది. మళ్ళీ ఏ గేటు ముందూ కూర్చోలేదు. కూర్చునే తీరిక ఆమెకు లేదు.

అలా నడిచిపోతున్న వ్యవహారంలోకి పాలిమర్ పిస్టల్ వచ్చి పడింది. పాత రివాల్వర్లను కరిగించి, వాటి స్థానంలో కొత్త పిస్టళ్ళు ఇవ్వాలని పైనుంచి ఆర్డరు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చి నివేదిక పంపమని డీఎస్పీ భువనమూర్తిగారికి బాధ్యత అప్పగించారు. ఆయన శ్రద్ధాపరుడు. కూరగాయలు తూచే తక్కెడ తెప్పించి మరీ తూయించారు. రివాల్వర్ కిలోకు పైన తూగింది, పిస్టల్ అందులో సగం చిల్లర. దాంట్లో ఆరు, దీంట్లో పదిహేడు. దాని ట్రిగ్గర్ లాగాలంటే మనసులో గట్టిగా అనుకోవాలి, దీని ట్రిగ్గర్‌కు అనుకోనక్కర్లేదు. అది తుప్పు పడుతుంది, నూనె అడుగుతుంది. దీనికి తడిగుడ్డ చాలు.

మస్తానయ్య అభిప్రాయం ఎవరూ అడగలేదు గానీ, అతనికి ఒక అభిప్రాయం ఉంది. రివాల్వర్ తాను పేల్చినదాని ఖాళీని కడుపులోనే దాచుకుంటుంది. ఎప్పుడు విప్పి చూసినా, ఇదిగో ఇన్ని చేశాను అని చూపిస్తుంది. పిస్టల్ అలా కాదు. కిళ్ళీ నమిలేవాడు పిప్పి ఊసేసినట్టు, ఖాళీని ఎప్పటికప్పుడు పక్కకు ఊసేసి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. చేసినదాని గుర్తు తనలో ఉంచుకోని వస్తువును చూస్తే అతనికి ఒళ్ళు మండేది.

అసలు బెంగ అది కాదు. పాత ఆయుధాన్ని కరిగించే ముందు దాని పెండింగులన్నీ తేల్చాలని రూలు. తేల్చడమంటే మంజూరు ఇవ్వడం. మంజూరు చేతికందిన మరుక్షణం తూటా తన అసలు వేగం అందుకుంటుంది. వెంగమ్మ ఊరికి ఏ మూలనున్నా రెప్పపాటు పని.

ఆ సోమవారం మస్తానయ్య చెప్పేశాడు. “నెలాఖరుకి మంజూరు ఇస్తారంట పెద్దమ్మా.”

వెంగమ్మ వేలికంటిన సిరా చీర చెంగుకు తుడుచుకుంది. “అయితే ఇంక ఇల్లు మారే పన్లేదంటావు,” అంది. “నిన్ననే సున్నం ఏసుకున్నా, మంచిదేలే,” అని లేచి వెళ్ళింది.

మస్తానయ్య రూల్సు పుస్తకం ముందేసుకుని మూడు రోజులు వెతికాడు. నాలుగో రోజు ఒక చిన్న సందు దొరికింది. కొత్త ఆయుధాన్ని పరీక్షించినప్పుడు పేల్చినన్ని ఖాళీలూ తిరిగి జమ కావాలి. ఒక్కటి తగ్గినా పరీక్ష పూర్తయినట్టు కాదు. పరీక్ష పూర్తయ్యేదాకా పాతదాన్ని కరిగించకూడదు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో అతను ఒక్క ఖాళీ కూడా పోగొట్టలేదు. ఇప్పుడొకటి పోగొట్టాలని తీర్మానించుకున్నాడు.

పరీక్ష రోజున చెక్కబోర్డులు నిలబెట్టారు. పిస్టల్ మస్తానయ్యే నింపాడు, డీఎస్పీగారే పేల్చారు. కుట్టుమిషను చప్పుడులా అంతా అయిపోయింది. ఖాళీలన్నీ గడ్డిలోకి చెదిరిపడ్డాయి. చివరిది మస్తానయ్య బూటు పక్కకే దొర్లివచ్చింది. వేలు తగిలితే తూటా కబురు తెలిసి మొహం మారిపోతుందేమోనని, తుడుపుగుడ్డతో పట్టుకుని, గుడ్డతో సహా జేబులో వేసుకున్నాడు. మనసుకు హాయిగా ఉంది.

కానిస్టేబుళ్ళు గడ్డిలో పాకి ఖాళీలు ఏరారు. పదహారు తేలాయి. డీఎస్పీగారు మంజూరు కాగితం చూసుకుని, “పదహారు. లెక్క సరిపోయింది,” అన్నారు. జరిగిందేమిటంటే, మంజూరు కాగితాలు పాత రివాల్వర్ల కాలంలో అచ్చేసినవి. వాటిలో రౌండ్లు అన్నచోట ఆరు అంకె ముందే అచ్చయి ఉంటుంది. అచ్చైనదాన్ని కొట్టేసే అధికారం గుమాస్తాకు లేదు కాబట్టి, దాని ముందు ఒకటి చేర్చి పదహారు చేశాడు. బోర్డులు చూస్తే వాటికీ పదహారు చిల్లులే ఉన్నాయి. డీఎస్పీగారు పరీక్ష పూర్తయిందని రాయడానికి కలం మూత తీశారు. ఆ కలం కాగితం మీద ఆనితే వెంగమ్మ పని అయిపోయినట్టే.

“సార్, నేను పదిహేడు ఎక్కించానండి,” అన్నాడు మస్తానయ్య.

అందరూ ఒకసారి బోర్డుల వైపు చూశారు, తర్వాత ఊరి వైపు చూశారు. పదిహేడోది మంజూరు లేకుండా బయల్దేరింది. ఖాళీ ఉంటే అది ఎవరికోసమో, ఎక్కడుందో చెప్పొచ్చు. ఖాళీ లేదు. డీఎస్పీగారు కలం మూత పెట్టి, రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డారు. మర్నాడు విచారణ వేశారు. విచారణ తేలేదాకా రివాల్వర్ కరిగించరాదని మెమో వచ్చింది. వెంగమ్మకు ఆరు నెలలు దొరికాయి. గడువు దాటితే పొడిగిస్తారు, విచారణలన్నీ అలాగే పొడుగవుతాయి.

ప్రజలెవరూ ఒకేచోట ఎక్కువసేపు ఉండవద్దని పత్రికలకు ప్రకటన ఇచ్చారు. వారం తిరక్కుండానే ఊరికి అలవాటైపోయింది. మంగలి నడుస్తూ గడ్డం గీశాడు, గడ్డం గీయించుకునేవాడు అతనికి ముందు నడిచాడు. బళ్ళో పాఠం వరండా చుట్టూ తిరుగుతూ చెప్పారు. కలెక్టరాఫీసు ముందు టెంటు వేసుకున్న అంగన్‌వాడీ ఆయాలు రెండు నిమిషాలు కూర్చుని, లేచి, తలో దిక్కూ పోయారు. ఎక్కడుందో తెలియనిదాన్ని తప్పించుకోవడానికి కదిలితే దానికే ఎదురు వెళ్ళొచ్చు కదా అని ఎవరూ అనలేదు. కదులుతుంటే ఏదో చేస్తున్నట్టు ఉండేది.

డీఎస్పీగారి నివేదిక మెచ్చుకోదగ్గట్టు వచ్చింది. రివాల్వర్ తూటా ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క మనిషిని మాత్రమే అదుపులో పెట్టింది, పిస్టల్ తూటా వారంలో ఊరంతటినీ పెట్టింది, కనుక పిస్టలే మేలని అందులో రాశారు. అది ఆయన మెట్లమీద నడుస్తూ చెబితే, స్టెనో నడుస్తూ రాసుకున్నాడు.

మస్తానయ్య జేబులో గుడ్డ అలాగే ఉంది. అందులోని ఖాళీ మీద ఒక్క వేలు పెడితే తూటా ఎవరిదో తెలుస్తుంది. ఇంకొకరిదైతే వాళ్ళకు చెప్పాలి. చెబితే ఖాళీ జమ అవుతుంది, పరీక్ష పూర్తవుతుంది, వెంగమ్మ పోతుంది. చెప్పకుండా ఉండగలిగేంత గుండె తనకు లేదని అతనికి తెలుసు. తనదే అయితేనో? ఆ ఆలోచన రాగానే చెయ్యి జేబులోంచి దానంతటదే బయటికొచ్చేది. రోజుకు పదిసార్లు అలా జరిగేది.

సోమవారం వెంగమ్మ వచ్చి బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఊళ్ళో ఆ పూట కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది. తూటా పెట్రోలు బంకు దగ్గరుందని మస్తానయ్య బల్ల చుట్టూ తిరుగుతూ చెప్పాడు. ఆమె అతన్ని మూడు చుట్లు చూసింది.

“నాది యాడుందో నాకు తెలుసు. పాపం మీకే యిట్టయింది,” అంది. తర్వాత అతని జేబు వైపు చూసి, “అదేందబ్బయా?” అని అడిగింది.

“తుడిచే గుడ్డ పెద్దమ్మా.”

వెంగమ్మ రిజిస్టర్లో వేలిముద్ర వేసింది. నిదానంగా లేచి, అతని పక్కన రెండడుగులు నడిచింది.

“దాన్ని తియ్యమాకు. తీసినా నాకు చెప్పమాకు,” అంది. “రెండు వాకిళ్ళుండే ఇల్లు చూసుకో. ఒక వాకిలి ఇల్లు మనబోటోళ్ళకి పనికిరాదు.”

సాయంత్రం అయిదింటికి ఆయుధాగారం తాళం వేసి, మస్తానయ్య ఆమె చెప్పినలాంటి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఊళ్ళో రెండు వాకిళ్ళ ఇల్లు ఒక్కటే ఖాళీగా ఉంది. దాని ముందు అప్పటికే సగం ఊరు వరస కట్టి ఉంది. వరసలో మూడో మనిషి మామూలు బట్టల్లో ఉన్న డీఎస్పీగారు. వరస చెదరకుండా అందరూ ఆ ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. మస్తానయ్య వెళ్ళి చివర్న చేరి, తన వంతు కోసం నడవడం మొదలుపెట్టాడు.