ఇరవై ఐదు అడుగులు

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఆ ఉదయం పరంధామయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. అపార్ట్‌మెంట్ పక్కనున్న ఇండియన్ స్టోర్‌కి నడిచి వెళ్లి, ఉప్మాలోకి కరివేపాకు తేవాలి. చెప్పులు వేసుకుంటుంటే కొడుకు తేజేశ్వర్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు.

"నాన్నా, దార్లో పోలీసులు కనిపిస్తే దగ్గరికెళ్లి చూడకండి. కొన్ని స్టేట్స్‌లో డ్యూటీలో ఉన్న ఆఫీసర్‌కి ఇరవై ఐదు అడుగుల దూరంలో ఉండాలని లా పెట్టారు. వద్దన్నాక కూడా వెళ్తే అరెస్టే."

"ఇక్కడుందా ఆ లా?"

"ఏమో. మనకెందుకు రిస్క్? వచ్చే వారమే నా వీసా స్టాంపింగ్."

పరంధామయ్య డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. అడుగంటే ఆయనకు కాలితో వేసేదే తప్ప స్కేలుతో కొలిచేది కాదు.

స్టోర్ ముందు రెండు కార్లు గుద్దుకుని ఉన్నాయి. పక్కనే ఒక లేడీ ఆఫీసర్ ఏదో రాసుకుంటోంది. పరంధామయ్యకు కొడుకు మాట గుర్తొచ్చింది. పోలీసుకు వీపు చూపిస్తే పారిపోతున్నాననుకుంటారని, ముఖం అటే ఉంచి, లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడవసాగాడు.

వెనక్కి నడుస్తున్న పెద్దాయన్ని చూసి ఆవిడకు అనుమానం వచ్చింది. "సర్, ఆర్ యూ ఓకే?" అంటూ ముందుకొచ్చింది. ఆయన లెక్క చెడింది. మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకున్నాడు.

"సారీ మేడమ్, లా... లా..." అన్నాడు. ఆవిడకది కూనిరాగంలా వినిపించింది. పాపం ఎండదెబ్బ తగిలిందేమోనని నడక పెంచింది.

ఇంతలో ఎడమవైపు ఇంకో ఆఫీసర్ తేలాడు. ఈవిడకు దూరం జరిగితే అతనికి దగ్గరవుతున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరంధామయ్య కంగారుగా కుడివైపు వెనక్కి వెళ్లి వెళ్లి, ట్రాఫిక్ కోన్లు తీయడానికి తలుపు తెరిచిపెట్టిన పోలీసు కారు వెనక సీట్లో కూలబడ్డాడు. పోలీసులకు ఇంతకంటే దగ్గరికి వెళ్లడం ఎవరి తరమూ కాదు.

అక్కణ్నుంచే ఫోన్ తీశాడు.

"తేజా, నీ వీసా ముంచేశాన్రా."

"ఎక్కడున్నారు నాన్నా?"

"పోలీసు కార్లో."

తేజేశ్వర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి, లేడీ ఆఫీసర్ పరంధామయ్యకు చల్లటి నీళ్ల సీసా ఇస్తోంది. అతనికి నీళ్లు కనబడలేదు, కారే కనబడింది. "హీ డిడ్ నథింగ్" అని అరుస్తూ కోన్లు దాటి దూసుకొచ్చాడు.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "సర్, స్టే బ్యాక్." పెద్దాయన క్షేమంగానే ఉన్నాడనీ, కింద అద్దం ముక్కలున్నాయనీ, తనే తీసుకొస్తాననీ చెప్పింది. తేజేశ్వర్ చెవికి మొదటి మాటే ఎక్కింది. ఉన్నచోటే బిగుసుకుపోయాడు.

స్టే బ్యాక్ అన్న మాట వినగానే పరంధామయ్యకు గ్రౌండులోని పాత గొంతు తిరిగొచ్చింది.

"ఒరేయ్, వద్దంటోందిగా. ఇరవై ఐదు అడుగులు వెనక్కి నడువు. లెక్క నేను పెడతా."

"అడుగులంటే అడుగులు కాదు నాన్నా, ఫీట్లు."

"ఫీట్లు ఇంటికెళ్లాక చేద్దువుగాని. ముందు నడువు. ఒకటి... రెండు..."

వచ్చే వారం స్టాంపింగ్ ఉన్న మనిషి కనుక, తేజేశ్వర్ పైన రెండడుగులు కలిపే వేశాడు.