కిటికీకి నాలుగు కన్నాలు

పదకొండింటికల్లా జగదీష్ గారి ట్రైలర్‌ని కడిగి, తుడిచి, తెచ్చింది తెచ్చినట్టు అప్పజెప్పాలన్నదే ఆ శనివారం ఫణి పెట్టుకున్న పని. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఆ చిన్న ఇంట్లో భార్య త్రివేణితో వారం రోజులు ఆరెగన్ తీరమంతా తిరిగి, నిన్ననే బాతెల్‌లోని తమ ఇంటికి చేరాడు. జగదీష్ అతని మేనేజరు. ఫణి గ్రీన్ కార్డు దరఖాస్తుకి జత చేయాల్సిన ఉత్తరం సోమవారం రాసివ్వాల్సిందీ ఆయనే. అలాంటి మనిషి వస్తువుని కళ్లకద్దుకుని వాడాలి. ఫణి అలాగే వాడాడు కూడా.

తుడుస్తుంటే ప్లాస్టిక్ కిటికీ మీద జానెడు పగులు కనబడింది.

"బయల్దేరేటప్పుడు కొబ్బరికాయ మెల్లిగా కొట్టమన్నానా? చిప్ప ఎగిరి తగిలుంటుంది," అంది త్రివేణి.

"అరువు బండికి పూజేంటే అన్నానా, విన్నావా?"

పగులు పాకకుండా దాని రెండు చివర్లా సన్నటి కన్నం పెట్టమని వీడియోలో ఎవరో చెప్పాడు. ఇంట్లో ఉన్నది పూజామందిరాన్ని గోడకి బిగించినప్పటి లావుపాటి డ్రిల్ బిట్ ఒక్కటే. కన్నాలు బఠాణీ గింజంత పడ్డాయి. పడితే పడ్డాయనుకుంటే, డ్రిల్ వేడికి పక్కనే కొత్త గీతలు తేలాయి.

"పాకుతోందే!" అని కంగారుపడి ఫణి వాటికీ మరో రెండు కన్నాలు పెట్టాడు.

ఇంతలో జగదీష్ ఫోన్ చేశాడు. త్రివేణి ఎత్తి నోటికొచ్చింది చెప్పేసింది. "ఆయనకి ఫీవర్ అండీ, డ్రైవ్ చేయలేరు. రేపు డ్రాప్ చేస్తాం."

"అయ్యో, రెస్ట్ తీసుకోమనమ్మా. నేనే వచ్చి పిక్ చేసుకుంటా."

మంచివాళ్లతో ఇదే చిక్కు. వద్దనేలోపే ఆయన ఫోన్ పెట్టేశాడు.

అరగంటలో మిరియాల చారు ఫ్లాస్కుతో సహా దిగాడు. జ్వరం నిజమనిపించడానికి త్రివేణి కప్పిన శాలువాతో, చేతిలో డ్రిల్‌తో ఫణి ఎండలో నిలబడి ఉన్నాడు. ఇక దాచేందుకేమీ లేదు.

"సారీ జగదీష్ గారూ. కిటికీ పగిలింది. రిపేర్ చేస్తున్నా."

జగదీష్ దగ్గరికొచ్చి, గోటితో కిటికీ మూల గీకి, పైనున్న పల్చటి ప్లాస్టిక్ పొరని సర్రున లాగాడు. పగులూ గీతలూ పొరతో పాటే ఊడొచ్చాయి. లోపలి కిటికీ నిగనిగలాడుతోంది, నాలుగు కన్నాలతో.

"చిరిగింది కవర్ ఫణీ. పోయిన నెలే కొత్త కిటికీ వేయించా. గీతలు పడతాయని కవర్ తీయలేదు. తీసేయమని మా ఆవిడ రోజూ పోరుతూనే ఉంది."

కవర్ విప్పని సోఫాలో మూడేళ్లుగా కూర్చుంటున్న ఫణికి ఆయన్ని ఒక్క మాట అనే నోరు లేదు. అంత సిగ్గు అతను ఏనాడూ పడలేదు.

"మరి ఈ హోల్స్?" అన్నాడు జగదీష్ చివరికి.

"గాలికండీ," అంది త్రివేణి.

కొత్త కిటికీ తెప్పించి తానే బిగిస్తానని ఫణి బతిమాలాడు. "తెప్పించు చాలు. బిగించొద్దు," అని జగదీష్ ట్రైలర్ తగిలించుకుని వెళ్లిపోయాడు.

సోమవారం ఉత్తరం వచ్చింది. ఫణి తెరిచి చదివాడు. సంతకం ఉంది, పొగడ్తలన్నీ ఉన్నాయి. చివర్లో ఒక వాక్యం మాత్రం అతను ఊహించనిది: ‘సమస్య ఉన్నా లేకపోయినా వెనుకాడకుండా పరిష్కరించగల ఇంజనీరు.’