‘కడసారి’కి కన్నీటి నివాళి

ఆ ఆదివారం తనూజ పెట్టుకున్న పని చాలా చిన్నది. హిందూపురంలో రైలెక్కి ధర్మవరంలో దిగాలి. స్టేషను దగ్గర ఒక హోటలు మేడమీది హాల్లో, తను రాసిన పుస్తకాన్ని వచ్చిన నలుగురి ముందు పెట్టాలి. చీకటి పడకముందే ఇంటికి రావాలి. పుస్తకాల కట్టలు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. తల్లి నీలావతి చిత్రాన్నం డబ్బా సంచిలో పెడుతూ వాటి వైపు ఒకసారి చూసింది.

"ఆ అరిచేటోల్ల మీదనేనా ఇంత పుస్తకం?"

"అరిచేది కాదమ్మా. పోస్ట్-హార్డ్‌కోర్ అంటారు దాన్ని. మెల్లగా మొదలై, లోపల ఉండే బాధంతా ఒక్కసారి బయటికొస్తాది."

"కడుపునొప్పి కూడా అట్లే వస్తాది," అంది నీలావతి, డబ్బా మూత గట్టిగా నొక్కుతూ.

పుస్తకం ‘కడసారి’ అనే బ్యాండు గురించి. ఒకే రైలుదారిలో ఉన్న మూడు ఊళ్ళ వాళ్ళు కలిసి పెట్టుకున్న బ్యాండు అది. పాడేది ధర్మవరం నరేష్. గిటారు పెనుకొండ సాబ్జాన్‌ది. డ్రమ్స్ వాయించేది హిందూపురం అమ్మాయి భాగ్యశ్రీ. మూడు ఆల్బములు చేశారు, బెంగుళూరులో చిన్న చిన్న హాళ్ళలో వాయించారు. ఆ తర్వాత పెద్ద గొడవై ఎవరి దారిన వాళ్ళు పోయారు. నరేష్ పట్టుచీరల అంగట్లో కూర్చున్నాడు. సాబ్జాన్ ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసుకుంటున్నాడు. భాగ్యశ్రీ కనగానపల్లి బడిలో వ్యాయామం టీచరైంది. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర లేదు. తనూజ ముగ్గురినీ పిలవాలని వాళ్ళ పాత పేజీకి ఎన్నో మెసేజీలు పెట్టింది. ఆ పేజీని వాళ్ళు చూడడం మానేసి చాలాకాలమైంది.

సభకు ఫ్లెక్సీ కావాలి కదా. ధర్మవరంలో ఫ్లెక్సీలు వేసే వెంకటప్పకు ఆమె వాట్సాప్‌లోనే ఆర్డరిచ్చింది. ముగ్గురి బొమ్మలున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో పంపి, కింద ఇలా రాసింది: ‘కడసారి. 2011–2019. ఎప్పటికీ మా గుండెల్లో. ఆదివారం ఉదయం అందరూ రావలెను. ఇట్లు, అభిమానులు.’ శనివారం వెంకటప్ప ఫ్లెక్సీ తయారుచేసి, "ఓకేనా మేడం" అని ఫొటో పంపాడు. ఆమె అప్పుడు పుస్తకాల కట్టలకు తాడు బిగిస్తోంది. ఫొటో తెరవకుండానే బొటనవేలి గుర్తు పెట్టింది.

వెంకటప్ప మంచి మనిషి. పక్కవాళ్ళ కష్టాన్ని తన కష్టంగా చూసే రకం. ‘కడసారి’ దగ్గర ఏదో మాట తప్పిపోయిందనిపించి, ‘చూపు’ అని తనే చేర్చాడు. పైన ‘కన్నీటి నివాళి’ అని పెద్దక్షరాల్లో వేశాడు. నరేష్, భాగ్యశ్రీల కింద దీపాలు పెట్టి, సాబ్జాన్ కింద మాత్రం నెలవంక పెట్టాడు. సంవత్సరాల దగ్గర కాసేపు ఆలోచించాడు. 2011లో పుట్టి 2019లో పోయారంటే పిల్లలై ఉండాలి. ఫొటోలో చూస్తే ఇద్దరికి గడ్డాలున్నాయి. దుఃఖంలో ఉన్నవాళ్ళు తప్పు రాసుంటారులే అని ఆ అంకెలు తీసేశాడు. తెల్లవారగానే హోటలు ముందర తనే నిలబడి కట్టించాడు. పని చక్కగా కుదిరిందనిపించి, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాడు.

ఆ స్టేటస్ రైలుకన్నా ముందు పెనుకొండ చేరింది.

సాబ్జాన్ అప్పుడే అంగడి తెరిచి, ఒక టేబుల్ ఫ్యాన్ విప్పి కూర్చున్నాడు. ఒకాయన వచ్చి ఫోన్ చూపించి, అతని ముఖం వైపు, ఫోన్ వైపు మార్చి మార్చి చూశాడు.

"ఏమప్పా, నువ్వేనా ఇది?"

సాబ్జాన్ చూశాడు. తన ఫొటో కింద నెలవంక ఉంది. అతను కంగారుపడలేదు. తను బతికే ఉన్నాడన్నది అతనికి ఖాయంగా తెలుసు. కానీ ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చి చేతిలోని స్క్రూడ్రైవర్ కిందపడింది. ‘నన్ను పొరపాటున వేసినారు సరే. మరి వాళ్ళిద్దరు?’ బెంగుళూరు రోడ్డుమీద ఏదైనా జరిగిందేమో. మళ్ళీ కలిసి వాయించడానికి పోతున్నారేమో. తనను పిలవకుండా పోతున్నారేమో. ఆ ఆఖరి అనుమానానికి కూడా అతనికి కోపం రాలేదు. షట్టరు సగం దించి స్టేషనుకు పరుగెత్తాడు.

పెనుకొండలో రైలెక్కిన మనిషిని చూసి తనూజ సీట్లోంచి లేచి నిలబడింది. గడ్డం కాస్త నెరిసింది కానీ ఆ ముఖాన్ని ఆమె మరిచిపోయేది కాదు.

"సాబ్జాన్ అన్నా! మీరు ధర్మవరానికే వస్తాండారా?"

"రాకుంటే ఎట్లమ్మా," అన్నాడు సాబ్జాన్, ఎదుటి సీట్లో కూలబడి. "ఎంత కోపముండినా, ఇట్లాంటప్పుడు రాకుంటే మనిషేనా?"

తనూజ కళ్ళు చెమర్చాయి. తన మెసేజి ఎలాగో చేరిందన్నమాట. "నరేష్ అన్న, భాగ్యక్క లేరనే లోటు ఎట్లాగూ ఉండాది. మీరన్నా ఉండారు. చాలన్నా."

దాంతో అతనికి మిగిలిన కాస్త ఆశా పోయింది. కిటికీ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. ఇంత మెత్తని మనిషి గిటారును అంత కఠినంగా ఎలా వాయించేవాడని తనూజకు ఆశ్చర్యం వేసింది. కట్ట విప్పి ఒక పుస్తకం అతని చేతిలో పెట్టింది.

"మీ ముగ్గురి మీద రాసినా అన్నా. ఈపొద్దే విడుదల."

"ఈపొద్దా? నిన్న పోయినోల్లకి ఈపొద్దు పుస్తకమా?"

"నిన్న ఏందన్నా? వాళ్ళు పోయి ఎన్నేండ్లాయె! నేను దీన్ని రాయడానికే రెండేండ్లు పట్టింది."

సాబ్జాన్ నోరు తెరిచాడు. "అందరికీ తెల్సునా?"

"అభిమానులందరికీ తెల్సు కదన్నా."

"నాకెవురూ చెప్పలేదమ్మా," అన్నాడతను చాలా మెల్లగా.

తమ బ్యాండు చెదిరిపోయిన సంగతి ఈయనకు ఎవరూ చెప్పకపోవడమేమిటో తనూజకు అర్థం కాలేదు. కళాకారులు ఇలాగే మాట్లాడతారేమో అని సరిపెట్టుకుంది. ఏమీ అడగకుండా చిత్రాన్నం డబ్బా అతని ముందుకు జరిపింది. అతను దాన్ని ముట్టుకోకుండా పుస్తకం తెరిచాడు.

మొదటి ఆల్బం ‘పట్టాల పక్కన’. పెనుకొండలో వేరుశనగ గోడౌనులో రికార్డు చేశారనీ, మూడో పాటలో దూరంగా గూడ్సుబండి వినిపిస్తుందనీ, దాన్ని తీసేయకపోవడమే ఆ పాటకు ప్రాణమనీ రాసి ఉంది. అవును, ఆ బండి పోయేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టి నవ్వు ఆపుకున్నారు. రెండోది ‘ఉక్క’. కొత్తగా వినేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టాలట. ‘మా నాయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు,’ అని రాసింది తనూజ. ‘అందరూ నన్ను రాయి అనుకున్నారు. కొన్నాళ్ళకు మిద్దెమీద కూర్చుని ఈ ఆల్బం విన్నాను. నా బదులు నరేష్ ఏడ్చాడు. అతని వెనకే నేనూ ఏడ్చాను.’ సాబ్జాన్ ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. మూడో ఆల్బం పేరు ‘పిడుగు’. దాని చివరి పాటలో నరేష్ కేక మధ్యలోనే తెగిపోతుంది. ‘ఆ కేకను ఎవరు కత్తిరించారో నాకు తెలియదు. కత్తిరించకుండా ఉంటే బాగుండేది,’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది.

కత్తిరించింది సాబ్జానే. బ్యాండు చెదిరింది ఆ కేక దగ్గరే.

"వానికి ఒక్క మాట చెప్పింటే సరిపోతాండె," అన్నాడతను పుస్తకం మూసి. తనూజకు అది కూడా అర్థం కాలేదు. రైలు ధర్మవరం చేరుతోంది.

హోటలు ముందు జనం చూసి ఆమె సంతోషపడింది. ఇంతమంది వస్తారని కలలో కూడా అనుకోలేదు. పట్టు మగ్గాల వీధుల నుంచి ఆడవాళ్ళు, మగవాళ్ళు గుంపుగా వచ్చారు. కొందరి చేతుల్లో పూలదండలున్నాయి. పక్కన తప్పెట్లవాళ్ళు మంట వేసి తప్పెట్లు కాచుకుంటున్నారు. అప్పుడు ఆమె తల ఎత్తి ఫ్లెక్సీ చదివింది. పుస్తకాల కట్ట చేతిలోంచి జారి కాలిమీద పడింది.

"బాగా వచ్చింది కద మేడం?" వెంకటప్ప చేతులు కట్టుకుని దగ్గరికి వచ్చాడు. "దీపం యాడ పెట్టల్ల, నెలవంక యాడ పెట్టల్ల, అన్నీ సూసుకుంటిమి. మీరేం బాధపడద్దు."

"అయ్యో! వాళ్ళు బతికే ఉండారప్పా!"

"అట్లనే అనుకోవల్ల మేడం," అన్నాడు వెంకటప్ప గొంతు తగ్గించి. "మంచోల్లు యాడికీ పోరు."

ఈలోగా సాబ్జాన్ ఆమె మాట వినకుండానే మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. హాల్లో ముందు వరుసలో తెల్లచొక్కా వేసుకుని ఒక మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. చేతిలో రెండు దండలున్నాయి. అతనూ తెల్లవారి లేవగానే ఫ్లెక్సీ చూశాడు. సాబ్జాన్ లెక్కే అతనూ వేసుకున్నాడు. వీధిలో ప్రతివాడూ ఆగి తనను చూస్తున్నాడని, ఫ్లెక్సీలో తన ముఖం మీద ఒక తువ్వాలు కప్పి వచ్చి కూర్చున్నాడు.

"నరేషూ," అన్నాడు సాబ్జాన్.

నరేష్ తల ఎత్తాడు. ఒక్క గెంతున లేచి కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వు సచ్చిపోయినావు కదరా!"

"నువ్వు సచ్చినావనే నేను వస్తి!"

ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు తడిమి చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఒకే పేరు గుర్తొచ్చింది. నరేష్ సాబ్జాన్ చెయ్యి పట్టుకున్నాడు. "అంటే... భాగ్య ఒక్కతేనా?" ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు. వెనక వరుసల్లో ఆడవాళ్ళు కూడా అందుకున్నారు. తనూజ వాళ్ళ మధ్యకు దూరి, "అన్నా, ఎవురూ పోలేదన్నా, ఫ్లెక్సీ తప్పు పడింది!" అని చెబుతూనే ఉంది. తప్పెట్ల మోతలో ఎవరికీ వినపడలేదు.

కాసేపటికి మెట్లమీద బూట్ల చప్పుడైంది. హెల్మెట్ తీయకుండానే భాగ్యశ్రీ లోపలికి వచ్చింది. కనగానపల్లి నుంచి స్కూటీ మీద వచ్చినందున ఒళ్ళంతా దుమ్ము. చేతిలో దండలు. ఏడుస్తున్న ఇద్దరినీ చూసి, దండలు కిందపడేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమి మీ ఇద్దరికీ? బతికుండి ఈ నాటకాలేంది? ఊరందర్నీ ఊరికే ఏడిపిస్తాండారు!"

ఇక ఎవరిని ఎవరు తిట్టారో చెప్పడం కష్టం. తనూజ కుర్చీ ఎక్కి, పెద్ద గొంతుతో జరిగినదంతా చెప్పింది. తను ఫొటో చూడకుండా సరే అన్నానని కూడా ఒప్పుకుంది. ముగ్గురూ విన్నారు. సాబ్జాన్ మాత్రం సగంలోనే నరేష్ వైపు తిరిగాడు.

"ఆ కేక నేను కోసింది తప్పు. రైల్లో వచ్చేటప్పుడు చెప్పేకి నువ్వు లేవనుకుంటి. ఇప్పుడుండావు కాబట్టి చెప్తాండా."

నరేష్ కిందపడిన దండ ఒకటి తీసి కుర్చీమీద పెట్టాడు. "కొంచిం ఎక్కువే అరిచినాలే," అన్నాడు చివరికి.

"ఎక్కువే," అంది భాగ్యశ్రీ. "నాకు చేతులు లాగినాయి."

కానీ వచ్చిన జనం కదలలేదు. పనులు మానుకుని, దండలు కొనుక్కుని వచ్చినవాళ్ళు. ఎవరూ పోలేదంటే వాళ్ళకు కాస్త వెలితిగానే ఉంది. వెనక నుంచి ఒక పెద్దాయన, "ఇంతదూరం వచ్చినాము, ఏదో ఒకటి చెయ్యండప్పా," అన్నాడు. ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. హోటలువాళ్ళ దగ్గర ఒక పాత గిటారు దొరికింది. ఒక తీగ లేదు. భాగ్యశ్రీ తప్పెట్లవాళ్ళను అడిగి రెండు తప్పెట్లు కుర్చీలమీద పెట్టుకుంది. ‘పిడుగు’ చివరి పాట ఎత్తుకున్నారు.

మెల్లగా మొదలైంది. బెంగుళూరు హాళ్ళలో ఆ చోట కుర్రాళ్ళు ఫోన్లు చూసుకునేవాళ్ళు. ఇక్కడ అందరూ చెవులు ఒగ్గి విన్నారు. నరేష్ కేక దగ్గరికి వచ్చాడు. ఈసారి ఎవరూ కత్తిరించలేదు. అది హాలు దాటి, మెట్లు దాటి, రైలుస్టేషను దాకా పోయింది. ఒక్క మనిషి చెవులు మూసుకోలేదు. ముందు వరుసలో కూర్చున్న చౌడక్క అనే ముసలామె రొమ్ము మీద చెయ్యి వేసుకుని అతనితోపాటు రాగం తీసింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఎవరి ఇంట్లో పోయినవాళ్ళను వాళ్ళు తలచుకున్నారు. పాట అయిపోయాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు. ఇంతకాలానికి తమ పాట అర్థమైన జనం దొరికారని నరేష్ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

తనూజ పుస్తకాలు ఇచ్చి ముగ్గురి సంతకాలు అడిగింది. భాగ్యశ్రీ చివరి పేజీ తిప్పి చదివింది. ‘ఈ ముగ్గురూ మళ్ళీ కలిసి వాయించడం కల్ల.’

"ఇది తప్పు పడిందే పాపా," అంది.

కట్టలన్నింటిలో అదే తప్పు పడి ఉంది. తనూజకు ఆ పూట అన్నిటికంటే ఎక్కువ ఏడుపు అప్పుడే వచ్చింది. నవ్వూ దాంతోపాటే వచ్చింది. సాబ్జాన్ పెన్ను తీసుకుని, ప్రతి పుస్తకంలోనూ ఆ వాక్యం కొట్టేస్తూ కూర్చున్నాడు.

జనం మెట్లు దిగుతున్నారు. నరేష్ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ దండం పెడుతున్నాడు. చౌడక్క రాగానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే నెల హిందూపురంలో పాడతాండామవ్వా. నువ్వు తప్పకుండా రావల్ల."

చౌడక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వస్తాలే నాయనా. ఆడ ఎవురు పోయినారు?"