ఆహ్వాన లేఖ, ఆరు మార్కులు

ఆ రోజు ఉదయం బడికి బయల్దేరేటప్పుడు భాషా మాస్టారు అనుకున్న పని ఒక్కటే: పదో తరగతి పిల్లల చేత ఫిర్యాదు లేఖ రాయించడం. పరీక్షలు మూడు వారాల్లోకి వచ్చేశాయి. నోటీసు అయింది, నివేదిక అయింది, స్వాగతోపన్యాసం అయింది, కిందటి వారం ఆహ్వాన లేఖ కూడా అయింది. ఫిర్యాదు, క్షమాపణ మిగిలాయి.

కిందటేడు ఈ రాత ప్రశ్నల దగ్గరే సగం తరగతి బోల్తా కొట్టింది. ప్రధానోపాధ్యాయిని ఆయన్ని గదిలోకి పిలిచి, తలుపు వేసి మరీ చెప్పింది. "ఈసారి కూడా ఇలాగే అయితే పదో తరగతి భాష లెక్కల మాస్టారికి ఇచ్చేస్తానండీ. మీరు హాయిగా ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించుకోండి."

పంతొమ్మిదేళ్లుగా పదో తరగతికే చెబుతున్న మనిషి. లెక్కల మాస్టారు పద్యం చదువుతున్నట్టు ఊహించుకుంటేనే ఆయనకి ముద్ద దిగడం లేదు. అందుకే పిల్లల వెంట పడ్డాడు. "లోపల ఏం రాస్తారో మీ ఇష్టం. పైన చిరునామా, తేదీ, విషయం. కింద సంతకం, హోదా. ఈ అయిదూ ఉంటే సగం మార్కులు మన జేబులో ఉన్నట్టే" అని పొద్దున్నా సాయంత్రమూ వల్లె వేయించాడు.

బోర్డు మీద 'ఫిర్యాదు లేఖ' అని రాసి కింద గీత గీస్తుండగా వీధిలో సైరన్ మోగింది. మోగుతూ మోగుతూ బడి గేటు ముందే ఆగింది. కిటికీలోంచి చూస్తే ఎర్రటి ఫైరింజను. మాస్టారి చేతిలో సుద్దముక్క రెండు ముక్కలయింది.

ప్రధానోపాధ్యాయినీ చూసింది. చూసిన మరుక్షణం పొడుగు గంట కొట్టించింది. నాలుగు వందలమంది పిల్లలు మైదానంలోకి పరిగెత్తారు. వాళ్ల కేకలు విని ఎదురుగా ఉన్న దర్జీ, పక్కనున్న మంగలి, వీధి చివర కిరాణా కొట్టాయన తలో బకెట్టు నీళ్లతో వచ్చిపడ్డారు. వాళ్ల వెనక, చెయ్యి కడుక్కోకుండా వచ్చిన తల్లులూ, చెప్పులు మరిచి వచ్చిన తండ్రులూ. ఈ లోపల ఫైరింజను లోంచి ఇస్త్రీ మడత నలగని యూనిఫారంలో అగ్నిమాపక అధికారి నింపాదిగా దిగాడు.

"ఎక్కడండీ?" అంది ప్రధానోపాధ్యాయిని ఆయాసపడుతూ.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను మేడమ్. ఎక్కడ?"

"మీకు తెలీదా?"

"ఉత్తరంలో ఆవరణలో అని రాశారంతే."

"ఆవరణలోనా! ఏం అంటుకుందండీ?"

"అంటుకోవడమేమిటి మేడమ్? వార్షికోత్సవం కదా!"

"మరి ఆ సైరనేమిటి?"

"పదకొండింటికి రమ్మన్నారు. ఇంకా అయిదు నిమిషాలే ఉంది. సమయానికి చేరకపోతే మా ఉద్యోగానికి అర్థమేముంది?" అంటూ జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాడు.

చిరునామా, తేదీ, విషయం అన్నీ పొందిగ్గా ఉన్నాయి. లోపల ఇలా ఉంది: 'వచ్చే సోమవారం ఉదయం పదకొండింటికి మా ఆవరణలో జరిగే వార్షికోత్సవానికి తమరు ముఖ్య అతిథిగా వచ్చి, సభను వెలిగించి, నాలుగు మంచి మాటలు చెప్పి, పిల్లలకు బుద్ధి వచ్చేలా చేసి, వెళ్లాలని, కోరుతూ,' అక్కడ ఉత్తరం అయిపోయింది. కింద సంతకం, దాని కింద 'ప్రధానోపాధ్యాయిని' అని హోదా.

భుజం మీదుగా చదివిన మాస్టారు ఆ కామాలని చూడగానే గుర్తుపట్టాడు. వాక్యానికి చుక్క పెట్టడం చేతకాని పిల్ల తరగతిలో ఒక్కతే ఉంది. అందరూ దాన్ని కామా అనే పిలుస్తారు. అచ్చంగా దాని అభ్యాసపు ఉత్తరమే ఇది.

"చూడండీ, ఇది నా..." అని ప్రధానోపాధ్యాయిని మొదలుపెట్టబోయింది.

అధికారి అప్పటికే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసు మేడమ్. నన్ను ఎవరు పిలిచినా కొంప అంటుకునే పిలిచారు. వచ్చి కుర్చీలో కూర్చోమని పిలిచింది మీరొక్కరే. మా ఆవిడ ఈ ఉత్తరం చదివి, రాత్రి యూనిఫారం తనే ఇస్త్రీ చేసింది. ఉపన్యాసం నాలుగు పేజీలొచ్చింది. మరీ ఎక్కువైతే తగ్గిస్తాను."

ప్రధానోపాధ్యాయిని ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచింది. "ఇది నా ఆహ్వానమేనండీ. మా గదిలో ఓ పది నిమిషాలు కూర్చోండి." తరవాత మాస్టారి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "పది నిమిషాల్లో వార్షికోత్సవం కావాలి."

"మేడమ్, అది ఉత్తి ఆరు మార్కుల ప్రశ్న..."

"ఇప్పుడది మీ ఉద్యోగం ప్రశ్న."

మాస్టారు మైదానంలోని పదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్లీ తరగతిలోకి పరిగెత్తాడు. "నోటీసు ఎవరు రాస్తారు? స్వాగతం ఎవరు చెబుతారు? నివేదిక చదివేదెవరు?" పరీక్షలో అయితే తలలు దించుకునేవాళ్లే, ఇప్పుడు బెంచీలెక్కి చేతులెత్తారు. రెండు నిమిషాల్లో గేటుకి నోటీసు వేలాడింది: 'మంటలు లేవు. సభ ఉన్నది. అందరూ రావచ్చును.' అది చదివి వెనక్కి వెళ్లినవాడు ఒక్కడూ లేడు, పైగా దారిన పోయేవాళ్లు ఆగి పక్కవాళ్లని కూడా పిలిచారు. కుర్చీలు చాలలేదు. దర్జీ ముందుగా తన బకెట్లో నీళ్లు చెట్టు మొదట్లో పోసి, బోర్లించి, దాని మీద దర్జాగా కూర్చున్నాడు. మిగతావాళ్లూ అదే పని చేశారు. మైదానంలో ఆ ఏడాది మొక్కలకి అంత నీరు ఎప్పుడూ అందలేదు.

స్వాగతోపన్యాసం కామాదే. ఎక్కడా ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా అందుకుంది. మూడో నిమిషంలో దాని మొహం ఎర్రబడటం చూసి అధికారి కుర్చీలోంచి సగం లేచి ఫైరింజనులోని ఆక్సిజన్ సిలిండర్ వైపు సైగ చేశాడు. ఆ పిల్ల మాత్రం చిరునవ్వుతో "అని విన్నవించుకుంటూ," అని కూర్చుంది. చప్పట్లతో మైదానం మోగిపోయింది. అధికారి నాలుగు పేజీలూ చదివాడు. రెండో పేజీలో ఆగి కళ్లు తుడుచుకుంటే దర్జీ లేచి మంచినీళ్లిచ్చాడు.

వందన సమర్పణ అవుతుండగా పోస్ట్‌మాన్ సైకిల్ దిగాడు. ఆయన కామా తండ్రి. జనాన్నీ, ఫైరింజన్నీ చూసి మాస్టారి దగ్గరికొచ్చాడు. "నేను వేసిన ఉత్తరానికేనా సార్ ఇదంతా?"

"నువ్వా వేసింది! అది పరీక్ష కోసం రాసిందయ్యా!"

"నాకేం తెలుసు సార్? అమ్మాయి పుస్తకంలో కవరు కనపడింది. చిరునామా శుభ్రంగా ఉంది. అలాంటి కాగితం ఇంట్లో పడుంటే నాకు నిద్రెలా పడుతుంది? స్టాంపు నేనే అంటించాను." ఆగి, ఆశగా అడిగాడు. "ఇవాళ ఏం రాయిస్తున్నారు?"

ఫిర్యాదు లేఖలన్న మాట మాస్టారు గొంతులోనే మింగేశాడు.

పరీక్ష రానే వచ్చింది. 'మీ పాఠశాలలో జరిగిన ఒక కార్యక్రమంపై నివేదిక రాయండి' అన్న ప్రశ్న చూడగానే ముప్ఫైనలుగురి కలాలూ ఆగకుండా పరిగెత్తాయి. మాస్టారు ఆ సాయంత్రం చాన్నాళ్లకి ఆకలేసి తిన్నాడు.

నెల తిరక్కుండా పరీక్షల కార్యాలయం నుంచి సంజాయిషీ కోరుతూ తాఖీదు వచ్చింది. ముప్ఫైనాలుగు జవాబుల్లోనూ అదే ఫైరింజను, అవే బోర్లించిన బకెట్లు, అదే దర్జీ. కాపీ కొట్టారని అనుమానం. ప్రధానోపాధ్యాయిని తాఖీదుని మాస్టారి ముందు పెట్టింది. ఇద్దరూ కలిసి అధికారి దగ్గరికి వెళ్లారు. ఆయన టోపీ పెట్టుకుని, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఫైరింజన్లోనే పరీక్షల కార్యాలయానికి తీసుకెళ్లాడు. అక్కడి ఉద్యోగులంతా ఫైళ్లు వదిలేసి రోడ్డు మీదకి వచ్చేశారు. వాళ్లని లోపలికి పంపడానికి అరగంట, జరిగింది చెప్పడానికి గంట పట్టింది.

వారం తరవాత ఫలితాలొచ్చాయి. అందరూ పాసయ్యారు. పదో తరగతి మాస్టారి దగ్గరే ఉండిపోయింది. లెక్కల మాస్టారు స్వయంగా వచ్చి, ఊపిరి పీల్చుకుని, ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

నివేదిక ప్రశ్నలో మాత్రం ముప్ఫైనలుగురికీ ఒక్కో మార్కు తగ్గింది. పరీక్షకుడు పక్కన కారణం కూడా రాశాడు: 'జరిగినదే అని విచారణలో తేలినది, కాని నమ్మశక్యముగా లేదు.'