రెండు మెదళ్ల ప్రోటోకాల్

“ఇకపై మన మండలంలో సర్టిఫికెట్ కోసం ఎవరూ చెప్పులరగదీయాల్సిన పనిలేదు. రెండు మెదళ్ల కంప్యూటర్ వచ్చేసింది!” అని తహసీల్దార్ వీరేశం గారు మైకులో ప్రకటించగానే, ఆఫీసుకు ఎదురుగా ఉన్న నా జిరాక్స్ షాపులోంచే చప్పట్లు కొట్టాను.

కంప్యూటర్ పాతదే లెండి. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన పెద్ద డబ్బా. అయితేనేం, అందులో రెండు ప్రాసెసర్లున్నాయి. ఒకటి ఎమ్మెల్యే గారి నిధులతో, ఇంకొకటి ఎంపీ గారి నిధులతో కొన్నారు. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు కాబట్టి డబ్బాకు అటొకటి, ఇటొకటి శిలాఫలకాలు అతికించారు. ఇంత ముందుచూపు మా పాలమూరులో తప్ప ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

ముందుచూపు ఇంకా ఉంది. ఇది వస్తోందన్న సంతోషంలో, ఆఫీసులో చక్కగా నడుస్తున్న కంప్యూటర్‌ను పాత సామాన్లోడికి వేసేశారు.

సాయంత్రం ఆరింటికి ప్రారంభోత్సవమనగా, పొద్దున్నే మేకలు కాసే గుర్వమ్మ ఆఫీసులోకి వచ్చి నిలబడింది; తమాషా చూద్దామని నేనూ వెళ్లాను. మనుమరాలికి మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ సీటొచ్చింది. సాయంత్రం ఐదులోపు ఆదాయం సర్టిఫికెట్ ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

“పిల్ల కాలేజీ గేటు కాడనే ఉన్నదయ్యా. ఫోన్ల పంపినా చాలంట.”

“అయిపాయె అవ్వా, కంప్యూటర్ల కొత్త సిస్టమ్ ఎక్కుతాంది,” అన్నారు వీరేశం గారు.

ఎక్కలేదు. సగం దాకా పోయి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ ఆగింది. నిమ్మకాయ కట్టినా ఆగింది. చివరికి ఇంజనీరు రఘుపతి కారులో వచ్చి, టీ తాగి, తేల్చేశాడు.

“పాత డబ్బా గదా సార్, రెండు ప్రాసెసర్లు ఒక్కసారి నడిస్తే కొత్త సిస్టమ్ ఎక్కుతలేదు. ఒకదాన్ని అర్ధగంట బంద్ పెడ్దాం. ఎక్కినంక మళ్ల చాలు చేద్దాం. గంతే!”

“ఏది బంద్ పెడ్తవ్?”

“ఏదైనా సరే సార్.”

ప్రభుత్వాఫీసులో ‘ఏదైనా సరే’ అనకూడదని ఆ ఇంజనీరుకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు, పాపం.

ఎమ్మెల్యే గారి మనిషి పర్వతాలు కుర్చీలోంచి లేచాడు. “మా సారుది బంద్ పెడ్తె ఊకుంటమా? ఎంపీది పెట్టుండ్రి!”

ఎంపీ గారి మనిషి రాజేశ్ తువ్వాల దులిపాడు. “మాది ఢిల్లీ పైస. ముందుగాల గల్లీది బంద్ చెయ్యి!”

“ఎవలదో ఒకలది ఆపుండ్రి బిడ్డా, సీటు పోతది,” అంది గుర్వమ్మ.

“అవ్వా, నువ్వే పార్టీ?” అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

“నాకు మేకలే ఉన్నయి బిడ్డా, పార్టీ లేదు.”

పార్టీ లేనివాళ్ల సలహా చెల్లదు కదా. హైదరాబాద్‌కు ఫోన్లు వెళ్లాయి, ఢిల్లీకి వెళ్లాయి. కిటికీ బయట రెండు వర్గాల జిందాబాద్‌లు మొదలయ్యాయి. సీఐ గారు వచ్చి డబ్బాకు ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా పెట్టారు. నాలుగు దాటాక వీరేశం గారు కళ్లు మూసుకుని, తెరిచి, తీర్పు చెప్పారు.

“రెండూ పీకెయ్యి.”

“రెండూ పీకితే అది ఉత్త డబ్బా సార్!” అన్నాడు రఘుపతి.

“ఉత్తదైతే ఏంది? ఎవలకూ తక్కువ గాలె గదా!”

నిజంగా ఎవరికీ తక్కువ కాలేదు. రెండు వర్గాలూ ఈలలు వేశాయి. ప్రాసెసర్లను రెండు వెండి పళ్లేల్లో పెట్టి పూలు చల్లారు.

ఆరింటికి ఎమ్మెల్యే గారు, ఎంపీ గారు వచ్చి చెరొక రిబ్బను కత్తిరించారు. మొదటి లబ్ధిదారుగా గుర్వమ్మను వేదికెక్కించి శాలువా కప్పారు. అప్పటికే మనుమరాలి ఫోను వచ్చిందేమో, ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆనందబాష్పాలని మైకులో చెప్పారు. నేతలిద్దరూ చెరో కొసా పట్టుకుని నిగనిగలాడే ఫైలొకటి ఆమె చేతిలో పెట్టారు. గుర్వమ్మ అక్కడే విప్పి చూసింది.

“అయ్యా, ఇందుల కాయితం లేదు!”

వీరేశం గారు చిరునవ్వు చెదరకుండా ఆమె చెవి దగ్గరికి వంగారు.

“జర మూసి పట్టుకో అవ్వా, ఖాళీదని ఫోటోల కనవడ్తది.”