పెంటయ్య పేరు బదిలీ

ఫోను ఆటల్లో పుట్టే వీరులకు పేరు పెట్టేదాకా నోరు రాదు కాబట్టి, జిల్లా కేంద్రంలోని పేర్ల కార్యాలయం తలుపులు తీసేసరికి కత్తులు, బల్లేలు, మంత్రదండాలు పట్టుకున్న మూగవాళ్లతో వరండా నిండిపోయి ఉంటుంది. వాళ్లను ఫోనులో తయారుచేసిన ఆటగాళ్లు ఆధార్ జిరాక్సులు పట్టుకుని పక్కనే నిలబడతారు. వీరుడికి ఎత్తు, కండలు, జుట్టు రంగు ఎవరిష్టం వాళ్లు పెట్టుకోవచ్చు. పేరు మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి. పేరు వచ్చినవాడు పొద్దున్నే ఆటలోకి పోయి, అడవులూ కోటలూ తిరిగి, రాక్షసులతో కొట్లాడి, సాయంత్రానికి తనను పుట్టించినవాళ్ల ఇంటికి అన్నానికి వస్తాడు. రాకపోతే చనిపోయాడని అర్థం. చచ్చినవాడికి రెండో ప్రాణం ఇచ్చే పద్ధతిని పోయిన ఆర్థిక సంవత్సరంలో పొదుపు కింద రద్దు చేశారు.

ఆ భవనంలో ఎడమ వైపు పేర్ల విభాగం, కుడి వైపు పిలుపుల విభాగం. ఇక్కడ పెట్టిన పేర్లనే అక్కడ పిలుస్తారు కాబట్టి రెండూ ఒకే కప్పు కింద ఉండటం సౌకర్యం. పిలుపుల విభాగంలో సోమనర్సయ్య అనే గుమాస్తా ఉన్నాడు. చాలా మర్యాదస్తుడు, ఏ కాలమైనా చేతిలో నల్ల గొడుగు. రోజూ ఉదయం మెట్ల మీద నిలబడి ఆ రోజు జాబితా పైకి చదువుతాడు. ఆయన ఎవరి పేరు చదివితే వాళ్లు ఆ సాయంత్రం ఇంటికి రారు. ఆటలో వీరుడైనా, ఊళ్లో కిరాణా కొట్టు సేటైనా జాబితా ఒకటే. వేర్వేరుగా రాయడానికి సిబ్బంది చాలరు.

ఆటగాళ్లకు పెద్ద పేర్లంటే మోజు. రుద్ర, వజ్ర, కాల, అగ్ని అన్న మాటల్లో కనీసం ఒకటైనా లేకపోతే కౌంటరు దగ్గరనుంచి కదలరు. మంత్రగాళ్లను పుట్టించినవాళ్లది ఇంకో పిచ్చి, పేరు పలికితే నాలుక మడత పడాలి. ఒక ఇంజనీరింగు విద్యార్థి తన మంత్రగాడికి పట్టుబట్టి సంపాదించిన పేరును తానే పలకలేక, చివరికి వాణ్ని "అన్నా" అని పిలుచుకుంటూ తీసుకుపోయాడు. పై ఆఫీసు నుంచి పేర్లు కట్టలు కట్టలుగా వస్తాయి. వరుసలో పైనున్నది తీసి ముద్ర వేసి ఇవ్వడమే పని.

ఆ ముద్ర వేసే సీనియర్ అసిస్టెంటు పేరు పెంటయ్య. ఆయన కంటే ముందు పుట్టినవాళ్లకు దేవుళ్ల పేర్లూ రాజుల పేర్లూ పెట్టారు, ఒక్కరూ దక్కలేదు. అందుకని ఈయన పుట్టగానే తల్లి చాటలో పడుకోబెట్టి ఊరి పెంటకుప్ప మీద వదిలేసింది. అనుకున్న ప్రకారం పొరుగింటామె ఏరుకుంది. తల్లి గంపెడు తవుడిచ్చి తన బిడ్డను తాను కొనుక్కుంది. ఎవరికీ అక్కర్లేని వస్తువు మృత్యువుకు మాత్రం ఎందుకు అని పెద్దవాళ్ల లెక్క.

లెక్క తప్పలేదు. జాబితాలో పెంట, పుల్ల, తవుడు లాంటి మాట తగిలితే సోమనర్సయ్య దాన్ని మనిషి పేరనుకోడు. ఏదో సామాను పొరపాటున పడిందనుకుని కింది పేరుకు పోతాడు. ఇది ఆయన నిర్లక్ష్యం కాదు, ఆ విభాగంలో తాతల నాటి ఆనవాయితీ. పెంటయ్య ఎక్కిన బస్సు ఒకసారి కల్వర్టు మీద నుంచి కింద పడితే ఆయనకు చెప్పు తెగింది, అంతే.

అయితే ఆ పేరు ఎక్కడా పక్షపాతం చూపలేదు. ప్రమోషన్ల జాబితా చదివేవాళ్లు కూడా ఆయన దగ్గరికి వచ్చి కింది పేరుకు పోయారు. పెళ్లి సంబంధాలు చూసే పేరయ్య కూడా పోయాడు. టీ తెచ్చే మనిషి ఆయన బల్ల దాటి పోయి, ఏమన్నా మిగిలితే వెనక్కి వచ్చేవాడు. ఆటగాళ్లు బల్ల మీది పేరు పలక చదివి, నవ్వు బిగబట్టుకుని, మా వాడికి మీ సూపరింటెండెంటు గారి చేత పెట్టించండి అనేవాళ్లు. తల్లి పోయాక ఆ పేరుతో ఆయన్ను ఎవరూ పిలవలేదు, సార్ అన్నారు, ఏమండీ అన్నారు, ఇదిగో అన్నారు. ఆయనకు బాధగానే ఉండేది. అందులో దాచేదేమీ లేదు.

బస్టాండు దగ్గర మిర్చి బండి నడిపే కనకవ్వ ఆ కార్యాలయానికి పాత మనిషి. పిల్లలు లేరు, మొగుడు లేడు. సాయంత్రం అన్నానికి ఎవరో ఒకరు రావాలని ఆమె ఆటలోకి దిగింది. వీరకేతనుడు వచ్చాడు, కొన్నాళ్లు తిన్నాడు, పోయాడు. తర్వాత రుద్రప్రతాపుడు, ఆ తర్వాత కాలభీకరుడు. అన్ని పేర్లకూ ముద్ర వేసింది పెంటయ్యే. ఈసారి ఆమె ఇంకొకణ్ని తీసుకుని వచ్చింది. ఆరడుగుల మనిషి, చేతిలో బల్లెం, తలకు నూనె పెట్టి పాపట తీసి ఉంది. భుజం మీది కవచం జారుతుంటే జాకెట్టు ముక్కతో కట్టింది. రోడ్డు దాటిస్తున్నట్టు వాడి మణికట్టు పట్టుకునే నిలబడింది.

"సారూ, వీనికి పెద్ద పేరు వద్దు. పెంట మీద పారేసే పేరేదన్న పెట్టుర్రి" అంది.

పెంటయ్య ఆమెకు వీరుల ఆత్మగౌరవ ఉత్తర్వు చూపించాడు. కించపరిచే పేర్లు కొత్తగా ఇవ్వరాదని అందులో ఉంది. కింద ఉదాహరణలు కూడా ఇచ్చారు. ఉదాహరణల్లో మొదటిది ఆయన పేరే.

"ఆత్మగౌరవం ఉన్నోళ్లందరు పోయిర్రు సారూ" అంది కనకవ్వ. "ఇగ నేను అన్నం ఎవలికి పెట్టాలె?"

ఆయన లేచి సూపరింటెండెంటు విశ్వంభర రావు గదిలోకి వెళ్లి విషయం చెప్పాడు. సూపరింటెండెంటు సానుభూతితోనే విన్నాడు. అలాంటి పేర్లతో మన వీరులు పోతే పక్క రాష్ట్రం వీరుల ముందు మన పరువేం కావాలి అన్నాడు. ఆయన కుర్చీ వెనక గోడకు, అదే కుర్చీలో అంతకుముందు కూర్చున్నవాళ్ల ఫొటోలు దండలతో వేలాడుతున్నాయి. వాళ్ల పేర్లు ఇంకా పెద్దవి. సోమనర్సయ్య వాటిని చదివిన రోజులు పెంటయ్యకు గుర్తున్నాయి, ఒక్కొక్కటి చదవడానికి ఊపిరి తీసుకోవలసి వచ్చేది.

వెనక్కి వచ్చి ఆయన ఉత్తర్వును మళ్లీ మొదటి నుంచి చదివాడు. కొత్తగా ఇవ్వరాదని ఉంది గాని, ఉన్నదాన్ని బదిలీ చెయ్యరాదని లేదు. ఒక పేరును వాడుతున్న మనిషి ఇష్టపూర్వకంగా వదులుకుంటే దాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు. వదులుకున్నవాడికి కట్టలో పైనున్న పేరు వస్తుంది. పెంటయ్య కట్ట వైపు చూశాడు. పైన విజయవజ్ర భూపతి అని ఉంది.

అందులో పుణ్యం ఎంత, ఆశ ఎంత అన్నది ఆయనకే సరిగ్గా తెలియదు. ఆ కుర్రాడి పాపట చూసి తల్లి గుర్తొచ్చిన మాట నిజం. రిటైరయ్యేలోపు ఎవరైనా తనను నోరారా పిలిస్తే ఎలా ఉంటుందో చూడాలని ఉన్న మాట కూడా నిజమే. కానీ ఇచ్చే వస్తువులో లోపముంటే ముందే చెప్పడం ధర్మం కాబట్టి ఆమెకు చెప్పాడు.

"ఈ పేరు పెట్టుకుంటే చావడమ్మా. కాని వీణ్ని ఎవ్వడు పిలువడు గూడ."

"నేను పిలుస్త గద సారూ" అంది కనకవ్వ.

పెంటయ్య బదిలీ కాగితం ముందుకు లాక్కున్నాడు. సంతకం పెట్టి ముద్ర వేశాడు. ముద్ర ఆరకముందే కుర్రాడి గొంతు కదిలింది. "అమ్మా, ఆకలైతుంది" అన్నాడు. కనకవ్వ సంచిలోంచి కాగితం పొట్లం తీసి వాడి చేతిలో రెండు మిర్చీలు పెట్టింది. "పోదాం పా పెంటయ్యా" అంది. బల్ల వెనక కూర్చున్న మనిషి కూడా తననే అనుకుని సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

మర్నాటికల్లా బల్ల మీదికి కొత్త పలక వచ్చింది. విజయవజ్ర భూపతి గారికి టీ కప్పులో వచ్చింది, కింద సాసరుతో. సూపరింటెండెంటు వరండాలో ఎదురై ముందు తానే నమస్కారం పెట్టాడు. ఆటగాళ్లు వేరే కౌంటర్లు వదిలి ఈ బల్ల ముందు బారులు తీరి, మా వాడికి మీ చేత్తోనే పెట్టండి సార్ అన్నారు. మనిషి అదే, కళ్లజోడు అదే, అరిగిపోయిన చొక్కా కాలరూ అదే. పెళ్లిళ్ల పేరయ్య సైతం ఒక సాయంత్రం వచ్చి, ఈ వయసులో తోడు అవసరం కదండీ అని కబుర్లు చెప్పి పోయాడు. భూపతి గారు అన్నిటికీ తల ఊపాడు. ఆ రోజులు ఆయనకు చాలా బాగున్నాయి.

వారం తిరక్కముందే ఒక ఉదయం సోమనర్సయ్య మెట్ల మీద నిలబడి జాబితా చదువుతూ, ఒక పేరు దగ్గర కాస్త గొంతు సవరించుకుని, నిండుగా, ఒక్క అక్షరం మింగకుండా విజయవజ్ర భూపతి అని చదివాడు. లోపల బల్ల దగ్గర కూర్చున్న మనిషి విన్నాడు. చేతిలో ఉన్న దరఖాస్తు పూర్తిచేసి, కప్పులో మిగిలిన టీ తాగి, సాసరు మీద పెట్టాడు. ఈలోగా సోమనర్సయ్య గొడుగు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చి చేతులు జోడించాడు.

"ఇన్నేండ్ల సంది ఒక్క బిల్డింగులనే ఉన్నం. మిమ్ముల నేనెన్నడు చూడనే లేదు సార్."

"నేనిక్కడనే ఉన్న" అన్నాడు భూపతి.

మంచి పేరు, చదువుతుంటే నోరు నిండిందని సోమనర్సయ్య మనస్ఫూర్తిగా అన్నాడు. భూపతికి ఆ మాట సంతోషంగానే అనిపించింది. కళ్లజోడు మడిచి పెట్టెలో పెట్టి, సొరుగుకు తాళం వేసి, ఎండగా ఉందని సోమనర్సయ్య గొడుగు పట్టగా ఆయన పక్కన నడిచి వెళ్లిపోయాడు.

కార్యాలయంలో సంతాప సభ జరిగింది. విజయవజ్ర భూపతి గారి లాంటి అధికారి మళ్లీ పుట్టరని వక్తలన్నారు. ఆయనతో తమకున్న అనుబంధం చెప్పమంటే అందరికీ ఆ చివరి రోజుల సంగతులే వచ్చాయి. దండ వేసిన ఫొటో గోడకెక్కింది. సర్వీసు పుస్తకంలో అంతకుముందు పనిచేసిన పెంటయ్య అనే ఉద్యోగి ఏమయ్యాడో ఎవరికీ తట్టలేదు, ఎవరూ అడగలేదు. పేర్ల బదిలీకి వీలిచ్చే ఆ ఒక్క సందును సూపరింటెండెంటు సవరణ ఉత్తర్వుతో మూసేశాడు. జరిగిపోయినది మాత్రం చెల్లుతుందన్నాడు.

ఆ సాయంత్రం కనకవ్వ బండి కట్టేసి ఇంటికి వచ్చేసరికి పెంటయ్య అరుగు మీద బల్లెం ఆనించి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. ఆమె కంచం పెట్టింది. తింటూ తింటూ వాడు ఆ రోజు కోట ముట్టడి సంగతి చెప్పాడు. తనతో పోయిన రుద్రులూ వజ్రులూ చాలామంది తలుపు దగ్గరే పడిపోయారట. కోట తలుపు విరగ్గొట్టింది తానేనట. ఆఖరికి రాజు మిగిలినవాళ్లను వరుసలో నిలబెట్టి, పేరు పేరునా పిలిచి పట్టు శాలువాలు కప్పాడట.

"నా పేరు కాడికొచ్చి కింది పేరుకు పోయిండమ్మా. ఎవ్వలు నా దిక్కు చూడలే."

కనకవ్వ వాడి కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది.

"మంచిగైంది బిడ్డా. రేపు గూడ గట్లనే తలకాయ వంచుకోని పోయి రా."